మధ్యతరగతి గృహమునకు డీసెలు కారు



ఒక తులము బంగారము కొనవలసి వచ్చినపుడు మనము నాలుగు దుకాణములు తిరుగుదుము. తరుగెంత, మజూరి యెంత యని అడుగుదుము. పట్టుచీర కొనునపుడు అంచును వెలుతురునకు పట్టి చూతుము. వానికన్న పెక్కురెట్లు ధనము వెచ్చించి కారు కొనునపుడు మాత్రము "అది మగవారు చూచుకొందురు" అని మిన్నకుందుము. ఇది తగదని మా యభిప్రాయము. బంగారమును కష్టకాలమున కుదువ పెట్టుకొనవచ్చును. కారన్ననో, కొన్న దినము మొదలు విలువ తరిగిపోవుచు, నెలనెల నూనె త్రాగుచు, ఏటేట భీమా యనియు మరమ్మతనియు మన పొదుపును తినుచుండును. ఇంటి జమాఖర్చు వ్రాయు చేతికి తెలియకుండ ఇంత పెద్దపద్దు ఇల్లు చేరుట మేలు కాదు.

మా యచ్చంపేట వంటి పట్టణములలో జీతగాండ్ర కుటుంబములు, ముఖ్యముగా ఉపాధ్యాయుల కుటుంబములు, కారు కొనదలచినపుడు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "పాతదైనను సరే, డీసెలు సెడాను చూడుడు, అది చవుకగా నడచును." ఈ మాటలో నిజమెంత, అది ఏ యింటికి నిజము, ఏ యింటికి కాదు అను విషయమును మాకు తెలిసినంతవరకు ఇచట విచారించెదము. ముందు ఇంజను, నడుమ మనుష్యులు, వెనుక సామానునకు వేరుగా మూతగల డిక్కీ, ఇట్లు మూడు అరలుగల కారును సెడాను అందురు. నలుగురు మనుష్యులును, వారి మూటలును ఒకదానినొకటి ఒరయక కూర్చుండు ఏర్పాటు గనుక ఇది కుటుంబములకు ప్రియమైనది.

డీసెలు అనగా నేమి?

సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగమును తాకి చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. గాలిని గట్టిగా నొక్కినచో అది వేడెక్కును. డీసెలు ఇంజను రహస్యమంతయు ఇదియే. పెట్రోలు ఇంజనులో గాలియు నూనెయు కలిసిన మిశ్రమమును ఒక విద్యుత్కణము రగిలించును. డీసెలు ఇంజనులో అట్టి కణము లేదు. గాలిని ఒక్కదానినే పదునైదిరువది రెట్లు కుదించుటచే అది కాలిన పెనముకంటెను వేడియగును. ఆ వేడిగాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మగనే తనంత తాను మండును.

ఈ యుపాయమును కనిపెట్టినవాడు రుడాల్ఫ్ డీసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. ఆయన 1858లో పారిస్ నగరమున జన్మించెను. 1890వ దశకమున తన యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1897లో ఔగ్స్‌బర్గ్ నగరమున దానిని నడిపి చూపెను. నూనెలోని వేడిమిలో నాల్గవవంతునకు పైగా ఆ యంత్రము పనిగా మార్చినది. ఆనాటి ఆవిరియంత్రములకు అది సాధ్యము కాకుండెను. మొదట కర్మాగారములకును, ఓడలకును పరిమితమైన ఈ యంత్రము 1936లో మెర్సిడెస్ బెంజ్ వారి 260 డి అను వాహనముతో గృహస్థులు కొనదగిన కార్లలోనికి వచ్చినది.

గట్టిగా కుదించుటవలననే దీనికి గుణదోషములు రెండును అబ్బినవి. అదే లీటరు నూనెకు ఎక్కువ దూరము నడచుట, తక్కువ వేగముననే బరువు లాగుట దీని గుణములు. చప్పుడు, అదురు, బరువైన నిర్మాణము, హెచ్చు వెల దీని దోషములు.

ఈ కార్లు మన వీధులకు వచ్చిన విధము

ఒకప్పుడు మన దేశమున డీసెలు అనగా లారీ, బస్సు, ట్రాక్టరు మాత్రమే. అంబాసిడరు కారునకు డీసెలు ఇంజను తరువాత వచ్చినను అది గృహస్థునికంటె బాడుగబండ్లవారికే ఎక్కువ ఉపయోగపడెను. 1998లో టాటావారు ఇండికాను వెలువరించిన పిదప చిన్నకారులో డీసెలు అను భావము సామాన్యులకు చేరినది. దాని తోబుట్టువగు ఇండిగో 2002లో వచ్చినది. 2007లో మహీంద్రా, రెనో సంస్థలు కలిసి లోగాను సెడానును, 2008లో మారుతివారు స్విఫ్ట్ డిజైరును ప్రవేశపెట్టిరి. ఆ తరువాత టొయోటావారి ఈటియోస్, 2013లో హోండావారి అమేజ్, 2014లో హ్యుందాయ్‌వారి ఎక్సెంట్ ఒకదాని వెంట నొకటి వచ్చినవి.

ఈ కార్లు పొట్టివగుటకు ఒక కారణము కలదు. 2006వ సంవత్సరపు కేంద్ర ఆయవ్యయ పట్టికలో, నాలుగు మీటర్లకు మించని పొడవును, డీసెలు ఐనచో 1500 ఘన సెంటీమీటర్లకు మించని ఇంజనును గల కార్లపై ఎక్సైజు సుంకమును 24 శాతమునుండి 16 శాతమునకు తగ్గించిరి. ఆ మేలు పొందుటకై కర్మాగారములవారు సెడాను తోక కత్తిరించిరి. 2008లో ఇండిగో సీఎస్ ఇట్లు పొట్టిదై వచ్చినది. 4160 మిల్లీమీటర్ల పొడవుండిన డిజైరు 2012లో 3995 మిల్లీమీటర్లకు కుదిరినది. దానితో డిక్కీయు 440 లీటర్లనుండి 316 లీటర్లకు తగ్గిపోయినది. 2017వ సంవత్సరపు రూపములో మరల 378 లీటర్లకు పెరిగినది. పాతబండిని చూడబోవు సోదరీమణులు డిక్కీ తెరచి, తమ యింటి పెద్దపెట్టె అందు పట్టునా యని చూచుట కిదియే హేతువు. ఒకే పేరుగల కారైనను సంవత్సరమునుబట్టి గర్భము మారును.

ఆ దినములలో డీసెలు గిరాకికి నూనెధర ముఖ్యకారణము. 2010 జూనులో పెట్రోలుధరపై ప్రభుత్వపు కట్టుబాటు తొలగిపోయినది. డీసెలునకు మాత్రము నిలిచియుండెను. 2012 మే నెలలో ఢిల్లీ నగరమున పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటగా డీసెలు 41 రూపాయలకు లోపే యుండెను. ముప్పది రూపాయలకు మించిన ఈ వ్యత్యాసమును చూచి ఎవరు ఆశపడకుందురు? 2014 అక్టోబరులో డీసెలుపై కట్టుబాటును కూడ తొలగించిరి. 2024 మార్చిలో ధరలు తగ్గించిన పిమ్మట హైదరాబాదున పెట్రోలు 107 రూపాయల చిల్లర, డీసెలు 95 రూపాయల చిల్లర. ముప్పది కాస్త పండ్రెండైనది.

రెండవ దెబ్బ పొగనియమముల వలన తగిలినది. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చినవి. చిన్న డీసెలు ఇంజనునకు ఆ శుద్ధిసాధనములు తగిలించినచో వెల మిక్కిలి పెరుగును గనుక మారుతివారు డీసెలు కార్లను చేయుటయే మానిరి. మరికొందరు కొంతకాలము నడిపి 2022, 2023 సంవత్సరములలో విరమించిరి. కాబట్టి నేడు చవుకైన డీసెలు సెడాను కొనుట యనగా, ఒకరు వాడిన బండిని కొనుటయే యని పాఠకురాండ్రు గుర్తెరుగవలెను.

నిత్యపు నడక

ఈ తరగతికి మచ్చుగా డిజైరును తీసికొందము. ఫియట్‌వారు రూపొందించిన 1248 ఘన సెంటీమీటర్ల ఇంజను దానిలో నుండెను. సామర్థ్యము 75 అశ్వశక్తులే. కాని మెలిత్రిప్పు బలము, దీనినే టార్కు అందురు, నిమిషమునకు 2000 చుట్లయొద్దనే 190 న్యూటన్ మీటర్లు. అదే కారులోని పెట్రోలు ఇంజనునకు అశ్వశక్తి కొంచె మెక్కువయైనను ఈ బలము 115కు లోపే. అదియు నిమిషమునకు 4000 చుట్లు తిరిగిన పిమ్మటనే.

ఈ యంకెల యర్థమును నలోపాఖ్యానము చదివినవారు సులభముగా గ్రహింపగలరు. బాహుకుడు ఋతుపర్ణుని రథమునకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి కట్టగా, రాజు వానిని చూచి శంకించెను. అశ్వహృదయ మెరిగినవాడు మేనినిగను చూడలేదు. దూరము మోయగల సత్తువను చూచెను. అశ్వశక్తి యెంత యని మాత్రమే అడుగువారు ఋతుపర్ణునివంటివారు. ఐదుగురు కూర్చుండి, డిక్కీ నిండి, చల్లని యంత్రము తిరుగుచుండగా ఎత్తు నెక్కవలసినపుడు పనికివచ్చునది ఆ మెలిత్రిప్పు బలమే.

ఊరిలో నడుపునపుడు ఈ బండి స్వభావము వేరుగా నుండును. చుట్లు 2000 చేరువరకు దానికి ప్రాణము రాదు. టర్బో యను గాలిమర వేగమందుకొనుటకు ఒక ఊపిరి తీసికొనునంత సేపు పట్టును. వేరుసెనగ బస్తాల ట్రాక్టర్లు, ఆటోలు, పశువులు అడ్డువచ్చు మార్కెట్టు వీధిలో మూడవ గేరున ఈడ్చుకొని పోవలెనని చూచినచో బండి గునియును, ఆగిపోవును. వెంటనే రెండవ గేరునకు దిగవలెను. బడి ముందరి గతుకుదిమ్మను దాటునపుడు క్లచ్చిని సగము తొక్కి పట్టి దాటించు అలవాటు మంచిది కాదు. డీసెలు క్లచ్చి బలమైన ఇంజనునకు కట్టుబడి యున్నది. అది అరిగినచో మార్చుటకు వేలు కావలెను. పూర్తిగా నెమ్మదించి, మొదటి గేరున మెల్లగా విడుచుట ఉత్తమము.

రహదారి చేరినపుడు మాత్రము ఈ కారు తన యింటికి తాను వచ్చినట్లుండును. అచ్చంపేటనుండి హాజీపూరు మీదుగా డిండి, కల్వకుర్తి దాటి హైదరాబాదు చేరుటకు సుమారు 140 కిలోమీటర్లు. ఐదవ గేరున 70, 80 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా ఇంజను అలసట లేక, అరచి మాటాడ నక్కరలేనంత నెమ్మదిగా తిరుగును. 2017 తరువాతి డిజైరునకు 37 లీటర్ల టాంకి. లీటరునకు 20 కిలోమీటర్లు వచ్చినను రాజధానికి రెండుమారులు పోయి వచ్చి ఇంకను మిగులును. కర్మాగారపు లెక్క 28.4 కిలోమీటర్లని చాటిరి గాని అది పరీక్షశాల లెక్క. పిల్లలు, చల్లని యంత్రము, గతుకులు గల లోకమున 20 వచ్చినచో సంతసింపవలెను.

లారీని దాటునపుడు ఒక జాగ్రత్త. తొక్కినతోడనే బలము రాదని చెప్పితిమి. కాబట్టి ముందుగనే ఒక గేరు తగ్గించి, ఇంజను మేల్కొనిన పిదప పక్కకు రావలెను. పక్కకు వచ్చిన తరువాత బలమునకై ఎదురుచూచుట ప్రాణాపాయము.

కొండదారి

మాకు దక్షిణమున దారి వేరు. మన్ననూరు దాటగనే అమ్రాబాదు పులుల అభయారణ్యము. అచటి ద్వారము వద్ద రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు వాహనములను పోనీయరు. ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా దారి సాగి, చివరకు కృష్ణవైపు వంకరలు తిరుగుచు దిగి, వంతెన దాటి, మరల శ్రీశైలమునకు ఎక్కును. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పెద్దలు చెప్పు ఉమామహేశ్వరము మా యూరి చెంతనే కలదు. ఆ కొండకును కారెక్కుదారి యున్నది.

ఈ దారులలో మేము ఈ తరగతి బండిని నడిపియున్నాము. ఎక్కుటలో డీసెలునకు సాటిలేదు. రెండవ గేరున ఉంచి, కాలు స్థిరముగా పెట్టినచో మలుపు వెంట మలుపు నిబ్బరముగా ఎక్కును. పెట్రోలుబండి వలె ఊరక అరపించనక్కర లేదు. దిగుటలోనే వివేకము కావలెను. ఏ గేరున ఎక్కితిమో ఆ గేరుననే దిగవలెనని డ్రైవర్లు చెప్పు మాట బంగారుమాట. గేరులోనున్న ఇంజను బండిని వెనుకకు పట్టి యుంచును, బ్రేకులు కాలిపోవు. నూనె మిగులునని గేరు తీసివేసి జారవిడుచుట, ఇంజను ఆర్పి దిగుట మహా దోషము. ఇంజను ఆరినచో స్టీరింగు బిగిసిపోవును. బ్రేకునకు తోడ్పడు బలమును నశించును. నాలుగు రూపాయల నూనెకు నలుగురి ప్రాణములు పందెమొడ్డరాదు. ఇరుకుచోట ఎదురుపడినపుడు ఎక్కుచున్న బండికి దారి యిచ్చుట నియమము. దుప్పులు, కోతులు దారికి వచ్చు అడవి గనుక వేగము తగ్గించుటయే గాక, వానికి తిండి విసరుట మానవలెను. దారిపక్క తిండికి మరగిన కోతి ఎన్నడో ఒకనాడు చక్రము క్రింద పడును.

సెడాను ఎత్తు తక్కువ. డిజైరు అడుగు నేలకు 163 మొదలు 170 మిల్లీమీటర్లు; అదియు బరువు లేనపుడు. ఐదుగురు కూర్చుండినపుడు పల్లెలలోని ఎత్తైన దిమ్మలకు పొట్ట ఒరయును. మోకాళ్ల నొప్పులుగల పెద్దవారికి లోనికి దిగి కూర్చుండుటయు, పైకి లేచుటయు కష్టమగును. కొనుటకు ముందు ఇంటి పెద్దమ్మను ఒకసారి అందు కూర్చుండబెట్టి లేపి చూడుడు. ఈ పరీక్ష ఏ నిపుణుడును చేయడు.

ఇంటి లెక్క

ఇక పలక తీసికొందము. పెట్రోలు సెడాను లీటరునకు 16, డీసెలు సెడాను 20 కిలోమీటర్లు ఇచ్చుననుకొందము. పైన చెప్పిన 2024వ సంవత్సరపు ధరలతో పెట్రోలుబండికి కిలోమీటరునకు సుమారు 6 రూపాయల 70 పైసలు, డీసెలుబండికి సుమారు 4 రూపాయల 80 పైసలు. అనగా కిలోమీటరునకు 1 రూపాయ 90 పైసలు మిగులు.

ఇప్పుడు రెండు కుటుంబములను తలచుకొందము. మొదటి యింట కారు బడికిని, బజారునకును, నెలకొకసారి చుట్టాలయింటికిని పోవును. నెలకు 500 కిలోమీటర్లు. వారికి నెలకు 950 రూపాయలు, ఏటికి సుమారు 11,400 రూపాయలు మిగులును. డీసెలుబండికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొనియుండినచో ఆ లక్ష తిరిగి వచ్చుటకు తొమ్మిదేండ్లకు దగ్గర పట్టును. అప్పటికి బండియే ముసలిదగును. పైగా డీసెలు ఇంజనునకు నూనెమార్పిడి, జల్లెడలు, చిమ్ముగొట్టముల మరమ్మతు ఖరీదైనవి. ఆ యింటికి పెట్రోలుబండియే శ్రేయము.

రెండవ యింట ఒక పెద్దవారికి చికిత్స. వారమున కొకసారి హైదరాబాదు పోయి రావలెను. పోకరాకలు 280 కిలోమీటర్లు. నెలకు 1100కు పైన, ఊరిపనులు కలిపి 1500 అనుకొందము. వారికి నెలకు 2,850 రూపాయలు, ఏటికి 34,200 రూపాయలు మిగులును. లక్ష మూడేండ్లలో తిరిగి వచ్చును. అంతకన్న ముఖ్యము, దూరపుదారిలో డీసెలు ఇంజను ఆరోగ్యముగా నుండును. ఆ యింటికి డీసెలు తగును.

కావున "డీసెలు చవుక" అను మాట కారునుబట్టి గాక, ఇంటి దారినిబట్టి నిజమగును. నెలకు 1000 కిలోమీటర్లకు లోబడి తిరుగు కుటుంబము డీసెలు జోలికి పోకుండుటయే మంచిదని మా నిశ్చయము. మూడు నెలలు ఒక చిన్నపుస్తకమున మీ పోకరాకల దూరములు, బస్సులో పోయినవి కూడ, వ్రాసి కూడుడు. దుకాణమునకు పోవుటకు ముందు ఆ మొత్తము మీ చేతిలో నుండవలెను.

పాతబండిని కొనునపుడు

డీసెలు సెడానులు బాడుగకు విశేషముగా తిరిగిన బండ్లు. పసుపుపలక తీసి తెల్లపలక తగిలించినవి, తిరిగిన దూరమును చూపు మీటరును వెనుకకు త్రిప్పినవి అంగడికి వచ్చుచుండును. కావున రిజిస్ట్రేషను పత్రమున ఎందరు యజమానులు మారిరో, మొదట ఏ తరగతిగా నమోదైనదో చూడుడు. సర్వీసు చేయించిన దుకాణపు దాఖలాలు అడుగుడు. పెడలుపై రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు అరిగియుండి, మీటరు మాత్రము నలుబది వేలు చూపినచో, నమ్మవలసినది రబ్బరునే.

ఉదయమున, ఇంజను చల్లగా నుండగా పోవలెను. ముందుగనే వేడిచేసి నిలిపిన బండి రోగము దాచుకొన్న రోగివంటిది. తాళము త్రిప్పగనే కనబడు చుట్టతీగ దీపము ఆరిన పిదప నడిపించి పొగ చూడుడు. నల్లని పొగ ఆగకుండ వచ్చినచో నూనె సరిగా కాలుట లేదు. నీలిపొగయైనచో ఇంజను తన కందెననే త్రాగుచున్నది. వేడెక్కిన తరువాతను తెల్లపొగ ఆగనిచో అదియు కీడే. ఒక ఎత్తుమీద రెండవ గేరున ఎక్కించి చూడుడు. ఇంజను అరచుచు బండి కదలనిచో క్లచ్చి అరిగినది. తమకు నమ్మకమైన మేస్త్రీని వెంట గొనిపోవుడు. అమ్మువాడు చూపిన మేస్త్రీని కాదు.

పత్రములలో మూడు ముఖ్యము: అప్పు తీరినదని బ్యాంకువారి పత్రము, భీమా, కట్టవలసిన జరిమానాలు లేవను ఆధారము. రిజిస్ట్రేషను పదునైదేండ్లకే చెల్లును. తరువాత తనిఖీ చేయించి ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. పండ్రెండేండ్ల బండి కొనువారు ఈ లెక్క మరువరాదు. పదేండ్లు దాటిన డీసెలుబండ్లు తిరుగరాదని 2015లో జాతీయ హరిత న్యాయస్థాన మిచ్చిన యాజ్ఞ ఢిల్లీ రాజధాని ప్రాంతమునకు సంబంధించినది. మన తెలంగాణమునకు కాదు. ఐనను ఆ ప్రాంతపు పాతబండ్లు చవుకగా దక్షిణమునకు వచ్చుట కది యొక కారణమైనది గనుక పుట్టినచోటు కూడ అడుగుడు.

భద్రతను వెలకు అమ్ముకొనరాదు. 2012 నాటి డిజైరులలో తక్కువ వెల రకములకు గాలిసంచులు లేవు. 2017 రూపమున అన్ని రకములకును ముందు రెండు గాలిసంచులును, చక్రము బిగిసిపోకుండ కాపాడు బ్రేకులును ఇచ్చిరి. ఇరువది ముప్పది వేలు తక్కువయని గాలిసంచి లేని బండి కొనుటకన్న, ఆ ఏడు పెండ్లిచీర ఒకటి తగ్గించుకొనుట మేలు. పిల్లలను వెనుక సీటున పట్టీ కట్టి కూర్చుండబెట్టుడు. ఒడిలోని బిడ్డను తల్లి చేతులు కాపాడగలవనుట ప్రేమ చెప్పు అబద్ధము.

పోషణము

డీసెలుబండి గుఱ్ఱము వలె నియమము కోరును. పదివేల కిలోమీటర్లకు గాని, ఏడాదికి గాని, ఏది ముందైన దానికి కందెన మార్పింపవలెను. దూరప్రయాణము చేసి వచ్చి వెంటనే ఆర్పక, అర నిమిషము ఊరక తిరుగనిచ్చి ఆర్పినచో టర్బో బ్రతుకును. టాంకి పూర్తిగా ఎండనీయరాదు. నూనెగొట్టములలో గాలి చేరినచో మేస్త్రీ వచ్చువరకు బండి కదలదు. నూనెజల్లెడలో నీరు నిలుచును గనుక సర్వీసునాడు దానిని తీయించితిరా యని అడుగుడు. బంకు వద్ద "డీసెలు" అని గట్టిగా చెప్పి, పిల్లవాడు ఏ గొట్టము తీసెనో కన్నులార చూడుడు. పొరపాటున పెట్రోలు పడినచో తాళము త్రిప్పకుడు. టాంకి ఖాళీ చేయించుటతో పోవును. త్రిప్పితిరా, చిమ్ముగొట్టములు చెడును.

2020 తరువాతి బండి కొన్నవారికి ఇంకొక మాట. వానికి మసిని పట్టు జల్లెడ యుండును. అది తన మసిని తాను కాల్చుకొనుటకు అప్పుడప్పుడు దీర్ఘప్రయాణము కావలెను. బడికిని బజారునకును మాత్రమే తిరిగినచో అది మూసుకొనిపోవును. చిన్నదారుల యింటికి డీసెలు తగదనుటకు ఇది రెండవ సాక్ష్యము.

పొగమాట

2012లో ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ డీసెలు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది. పాత డీసెలుబండి కలవారికి కనుక ఇంటివారియెడలనే గాక ఇరుగుపొరుగువారియెడలను బాధ్యత కలదు. వాకిట బండిని పదినిమిషములు తిరుగనిచ్చి, పక్కన పిల్లలను ఆడనీయకుడు. బడిగేటు వద్ద నిలిపినపుడు ఆర్పుడు. పొగపరీక్ష పత్రమును డబ్బిచ్చి ఊరక తెచ్చుకొనక, నిజముగ పరీక్షింపజేయుడు.

తుదిమాట

కొందరు సోదరీమణులు "మాకు నడుపుట రాదు గదా, ఇవన్నియు మాకేల?" అని అందురు. నేర్వవలెనని మా మనవి. అర్జునుని రథమున సుభద్ర పగ్గములు పట్టెనని మన కవులు కొనియాడిరి; ఆనాడు ఎవరును ఆమెను ఆక్షేపింపలేదు. లైసెన్సు పొంది, నెమ్మదిగా మొదట ఖాళీదారులలో, పిదప రహదారిలో నడుపుడు. అర్ధరాత్రి మామగారికి ఆయాసము వచ్చి, ఇంటివారు పరీక్షల విధికై వేరొక యూరనున్ననాడు, వాకిట నిలిచిన కారు తాళము త్రిప్పువారు లేనిచో అది ఇనుపపెట్టెతో సమానము. కొనుటకు ముందు లెక్క వేయుట, కొనిన పిదప నడుప నేర్చుట, ఈ రెండు పనులును ఇల్లాలు చేసినచో, ఆ బండి పెట్రోలుదైనను డీసెలుదైనను ఇంటికి భారము కాక ఉపకరించును.